పళ్ళ డాక్టర్ పేరెత్తితే పాప వణికిపోతోంది, పట్టుకుని చేయించాలా?

పల్నాడు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

వాళ్ళ పాపకు ఐదున్నరేళ్ళు, యూకేజీ చదువుతోంది. దసరా సెలవుల్లో కుడివైపు కింది దవడ పన్ను నొప్పి అని రాత్రంతా ఏడ్చింది. మర్నాడు ఐస్‌క్రీమ్ కొనిస్తామని చెప్పి ఊళ్ళోనే ఒక పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. కుర్చీలో పడుకోబెట్టగానే పాప లేచి దిగిపోబోయింది. నాన్న రెండు చేతులూ పట్టుకున్నారు, అక్కడ పనిచేసే అమ్మాయి తల కదలకుండా పట్టుకుంది, డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చారు. పాప గొంతు పోయేలా అరిచి వాంతి చేసుకుంది. పని సగంలో ఆపేసి, తాత్కాలికంగా సిమెంట్ పెట్టి పంపించారు. కొన్నాళ్ళకే అది ఊడిపోయింది.

అప్పటి నుంచి ఆ వీధిలోకి బండి తిరిగితే చాలు, పాప మొహం దాచుకుంటోంది. జలుబు చేసి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, గొంతు చూస్తానన్నందుకు రెండు చేతులతో నోరు మూసుకుంది. కుడివైపు బ్రష్ పెట్టనివ్వదు, అన్నం ఎడమవైపే నములుతుంది. "రాత్రి నిద్రలో దవడ పట్టుకుని మూలుగుతుందండీ, పొద్దున అడిగితే మాత్రం నొప్పి ఏమీ లేదమ్మా అంటుంది" అని ఆ తల్లి రాశారు. ఈమధ్య ఆ పన్ను పక్కన చిగురు మీద తెల్లటి పొక్కులాంటిది వచ్చి, రెండు మూడు రోజుల్లో దానంతటదే పోయింది. నొప్పి కూడా తగ్గినట్టుంది. పై దవడలో ఇంకో రెండు పళ్ళ మీద నల్లటి గుంటలు కనిపిస్తున్నాయి.

ఇంట్లో తలా ఒక మాట. "ఈసారి ఇద్దరం గట్టిగా పట్టుకుందాం, పది నిమిషాల్లో అయిపోతుంది" అని భర్త. "పాలపళ్ళకు ఇంత హడావిడి ఎందుకు, ఎలాగూ ఊడిపోయేవే" అని అత్తగారు. పాప అన్నం తినకపోతే "పళ్ళ డాక్టర్‌ని పిలుస్తానుండు" అని బెదిరించేది కూడా ఆవిడే. గుంటూరులో ఇంకో డాక్టర్‌ని అడిగితే, పూర్తి మత్తు ఇచ్చి అన్ని పళ్ళూ ఒకేసారి చేసేద్దామన్నారట. ఆ మాటకు ఈ తల్లికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పైగా చిన్నప్పుడు సరిగ్గా మొద్దుబారకముందే పన్ను పీకించుకున్న అనుభవం ఆవిడది. ఇప్పటికీ పళ్ళ డాక్టర్ అంటే ఆవిడకే టెన్షన్. పాపకు బాగా చేరికైన మేనమామ విజయవాడలో ఉంటాడు. "ఎవరి మాట వినాలో తెలియడం లేదు. దాని భయం పోయే దారి అసలుందా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఇంట్లో రెండు సమస్యలు కలిసిపోయి ఒక్కటిగా కనిపిస్తున్నాయి. ఒకటి పన్ను, రెండోది భయం. పన్నుకు ఒక గడువుంది. భయం తగ్గడానికి కొంత గడువు కావాలి. మీ వారు పన్ను గడువే చూస్తున్నారు, అందుకే పట్టుకుని కానిచ్చేద్దాం అంటున్నారు. మీరు పాప భయాన్నే చూస్తున్నారు, అందుకే నెలలు గడిచిపోతున్నాయి. రెండింటినీ విడదీసి చూస్తే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలుతుంది.

ముందు పన్ను సంగతి. చిగురు మీద పొక్కు వచ్చి పోయిందని, నొప్పి తగ్గిందని మీరు కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు రాశారు. అక్కడే జాగ్రత్తపడాలి. అలాంటి పొక్కు చాలావరకు పంటి వేరు దగ్గర చేరిన చీము బయటికి దారి చేసుకున్నదే. చీము పోయింది కాబట్టి ఒత్తిడి తగ్గింది, ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పి తగ్గింది. లోపలి పుచ్చు అలాగే ఉంటుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. ఈలోగా ఆ పాలపన్ను వేళ్ళ మధ్య తయారవుతున్న శాశ్వత పన్ను ఆ చీము పక్కనే పెరుగుతూ ఉంటుంది. ఎక్కువకాలం అలా వదిలేస్తే, రేపు వచ్చే పన్ను మీద మచ్చలు, గుంటలు పడే అవకాశం ఉంది.

మీ అత్తగారు చెప్పింది ముందుపళ్ళ విషయంలో నిజమే. అవి ఆరేడేళ్ళకు ఊడతాయి. ఆవిడ తన పిల్లల్లో, మనవల్లో చూసిందీ అదే. కానీ దవడ పాలపళ్ళు తొమ్మిదేళ్ళకు, పదకొండేళ్ళకు, ఒక్కోసారి పన్నెండేళ్ళకు గాని ఊడవు. అంటే మీ పాప ఇంకో నాలుగు నుంచి ఆరేళ్ళు ఆ పన్నుతోనే నమలాలి. అది ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలి, శాశ్వత పన్ను వచ్చేసరికి దానికి చోటుండదు. ఈ మాట ఆవిడకు మీరు చెప్పేకంటే ఎక్స్‌రేలో వేళ్ళ మధ్య కనిపించే కొత్త పన్నును డాక్టరే చూపించి చెబితే బాగుంటుంది. చాలామంది పెద్దవాళ్ళు ఆ ఎక్స్‌రే చూశాక "పాలపన్నే కదా" అన్న మాట మళ్ళీ అనరు.

కాబట్టి ఆ కింది పన్నుకు నెలల గడువు లేదు. అలాగని రేపే పట్టుకుని చేయించాల్సిన పరిస్థితీ మీరు రాసినదాన్నిబట్టి కనిపించడం లేదు. వాపు, జ్వరం లేనంతవరకు పాపను సిద్ధం చేసుకోవడానికి మామూలుగా రెండు మూడు వారాలు దొరుకుతాయి. అయితే అవి దొరుకుతాయో లేదో డాక్టర్ ఒకసారి నోరు చూసి చెప్పాలి. ఈలోపు బుగ్గ గాని, దవడ కింద గాని వాచినా, వాపు కంటి వైపు పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడానికో మింగడానికో ఇబ్బంది పడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అప్పుడు ఇక భయం, సన్నాహం అని చూడకూడదు. రాత్రి నొప్పి వస్తే పాప బరువునుబట్టి పిల్లల డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వొచ్చు. పంటి మీద మాత్ర పొడి చేసి పెట్టడం, లవంగ నూనె పోయడం వద్దు, చిన్నపిల్లల చిగురు కాలిపోతుంది. ఆస్ప్రిన్ అసలే వద్దు.

ఇక భయం. పాపకు పళ్ళ డాక్టర్ అంటే పుట్టుకతో భయం లేదు. దసరాకు ముందు ఆ కుర్చీ ఎలా ఉంటుందో కూడా తెలియదు కదా. ఆ రోజు మూడు సంగతులు ఒక్కసారే జరిగాయి. ఐస్‌క్రీమ్ అని చెప్పి వేరేచోటికి తీసుకెళ్ళారు. కదలకుండా పట్టుకున్నారు, పట్టుకున్నదీ తను అన్నిటికంటే ఎక్కువ నమ్మే నాన్న. ఆపమని ఎంత అరిచినా ఎవరూ ఆపలేదు. సూది నొప్పి అందులో ఒక చిన్న భాగం. ఐదేళ్ళ పిల్లలు స్కూల్లో టీకా సూది వేయించుకుని పావుగంటలో మర్చిపోయి ఆడుకుంటారు. మీ పాప నెలల తరబడి మర్చిపోలేదంటే, నొప్పికి మించి తన మాట చెల్లలేదన్నది మనసులో పడిపోయిందని నాకు అనిపిస్తోంది.

నొప్పి ఉన్నా లేదని చెప్పడం కూడా అందుకే. ఉందని ఒప్పుకుంటే ఏం జరుగుతుందో దానికి తెలుసు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం ఇది. డాక్టర్ దగ్గర ఏడ్చే పిల్లలకు ఏదో ఒక విధంగా వైద్యం అందుతుంది. నొప్పిని దాచుకునే పిల్లల పళ్ళు చీము పట్టేదాకా ఇంట్లో ఎవరికీ తెలియవు.

మీ ముందున్న దారులు ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం. ఏది ఎంచుకున్నా కొంత లాభం, కొంత నష్టం ఉంటాయి.

మీ వారు చెప్పినట్టు పట్టుకుని చేయించడం మొదటిది. పని అవుతుంది, ఖర్చు తక్కువ. ఆయన్ని తప్పుపట్టకండి. బిడ్డ నొప్పి చూడలేక అంటున్న మాట అది, ఆ రోజు పట్టుకున్నదీ డాక్టర్ చెప్పబట్టే. కానీ పీకేయడానికైతే కొన్ని నిమిషాలు చాలునేమో గాని, మీ పాప పన్నుకు వేరు లోపలి పుచ్చు తీసి, మందు నింపి, పైన క్యాప్ వేయాలంటే ఎక్కువసేపు కదలకుండా నోరు తెరిచి ఉండాలి. పెనుగులాడే పిల్ల నోట్లో తిరిగే పరికరం పెట్టడం నాలుకకీ బుగ్గకీ ప్రమాదం. అందుకే పోయినసారి ఆ డాక్టర్ కూడా సగంలో ఆపేశారు. ఈసారీ అలాగే అయితే మళ్ళీ సగం పని, రెట్టింపు భయం మిగులుతాయి. ఒకప్పుడు అమెరికాలో, గట్టిగా ఏడ్చే పిల్లల నోటిమీద చెయ్యి అడ్డుపెట్టి దారికి తెచ్చే పద్ధతి పళ్ళ డాక్టర్లు నేర్చుకునే పద్ధతుల్లోనే ఉండేది. అక్కడి పిల్లల దంత వైద్యుల సంఘం 2006లో దాన్ని తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది. వాపు వచ్చి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పట్టుకోవడం తప్పకపోవచ్చు. ఇప్పుడు మీ పాపది ఆ స్థితి కాదు.

ఊడిపోయేదాకా వదిలేయడం రెండో దారి. దాని పర్యవసానం పైన చెప్పాను. ఇందులో ఇంకో చిక్కు ఉంది. రేపు అర్ధరాత్రి దవడ వాచి పరుగెత్తాల్సి వస్తే పాపకు రెండో అనుభవం మొదటిదానికంటే ఘోరంగా ఉంటుంది. భయాన్ని గౌరవించి వాయిదా వేస్తున్నామనుకుంటాం, చివరికి ఆ వాయిదానే భయాన్ని పెంచుతుంది.

మూడోది గుంటూరు డాక్టర్ చెప్పిన పూర్తి మత్తు. మీరు భయపడ్డంత చెడ్డదేం కాదది. చాలా పళ్ళు పుచ్చిన మూడేళ్ళ పిల్లలకు, ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లలకు అదే సరైన దారి అవుతుంది. ఒక్కసారితో అన్ని పళ్ళ పనీ అయిపోతుంది, చేస్తున్నప్పుడు పాపకు ఏమీ తెలియదు. అయితే అది మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, పిల్లలకు అవసరమైన అత్యవసర సదుపాయాలు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. చిన్న క్లినిక్ గదిలో చేస్తామంటే ఒప్పుకోవద్దు. ముందు ఆరుగంటలపాటు పాలు, అన్నం, బిస్కెట్ ఏవీ పెట్టకూడదు, మంచినీళ్ళు కూడా రెండు గంటల ముందు ఆపేయాలి. జలుబు, దగ్గు, ఆయాసం ఉంటే దాచకుండా చెప్పాలి, వాయిదా వేస్తారు. ఖర్చు ఎక్కువ, తక్కువే అయినా మత్తుకు ఉండే ప్రమాదం ఉండనే ఉంటుంది. ఇంకొక సంగతి ఏమిటంటే, దాంతో పళ్ళు బాగవుతాయి గాని భయం ఎక్కడిదక్కడే ఉంటుంది. మళ్ళీ ఆరు నెలలకు చూపించాలంటే పాప అదే పాప. మూడు పళ్ళే కాబట్టి, వయసు ఆరుకు దగ్గరపడుతోంది కాబట్టి నేనైతే దీన్ని చివరికి అట్టిపెడతాను. కింద చెప్పినవి రెండు మూడు వారాలు ప్రయత్నించినా పాప నోరు తెరవకపోతే, అప్పుడు దీన్ని ఓటమి అనుకోకుండా ఎంచుకోండి.

నాలుగోది, నేను మొగ్గు చూపేది, పిల్లల పళ్ళ డాక్టర్ దగ్గర మెట్టుమెట్టుగా వెళ్ళడం. పళ్ళ డాక్టర్ల డిగ్రీ బీడీఎస్ తర్వాత పిల్లల పళ్ళకోసమే మూడేళ్ళు ఎండీఎస్ అనే పై చదువు చదివినవాళ్ళుంటారు, పీడోడాంటిస్ట్ అంటారు. మీ పట్టణంలోనే ఏదో ఒక క్లినిక్‌కు వారంలో ఒకటి రెండు రోజులు వచ్చిపోతూ ఉండొచ్చు, అడిగి చూడండి. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటి చోట్ల పిల్లల పళ్ళకు వేరే విభాగమే ఉంటుంది, ఖర్చూ తక్కువ. కానీ జనం ఎక్కువ, వేచి ఉండాలి, ప్రతిసారీ ఒకే డాక్టర్ చూడకపోవచ్చు. భయపడే పిల్లకు ఒకే మొహం కనిపించడం చాలా ముఖ్యం. కాలేజీకి వెళ్తే మొదటిసారి చూసిన డాక్టర్‌నే మళ్ళీ ఇవ్వమని అడగండి. మీ తమ్ముడు విజయవాడలో ఉన్నాడు కాబట్టి అక్కడే చూపించడం అన్నివిధాలా కలిసొస్తుందేమో. మేనమామ ఇంటికి వెళ్ళడమంటే పాపకు ఇష్టమే కదా. అయితే "మామయ్య ఇంటికి వెళ్తున్నాం" అని మాత్రమే చెప్పి తీసుకెళ్ళొద్దు. అది ఇంకో ఐస్‌క్రీమ్ అవుతుంది, ఈసారి మామయ్య మీద కూడా నమ్మకం పోతుంది.

తీసుకెళ్ళేముందు ఫోన్‌లోనే కొన్ని అడగండి. పాప సంగతి ముందే చెప్పి, మొదటిసారి ఏ పనీ చేయకుండా పళ్ళు చూసి పంపిస్తారా అని. నేను గానీ మేనమామ గానీ పక్కనే ఉండొచ్చా అని. పాప చెయ్యెత్తితే ఆపుతారా అని. వీటికి విసుక్కునే డాక్టర్ ఎంత మంచి పనివాడైనా మీ పాపకు సరిపడడు. ఓపికగా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే కాస్త దూరమైనా వెళ్ళండి.

అలాంటి డాక్టర్ ఏం చేస్తారో మీకు ముందే తెలిస్తే మీ గుండెదడ కూడా తగ్గుతుంది. ఏ పనైనా ముందు మాటల్లో చెబుతారు, తర్వాత పాప గోరు మీదో బొమ్మ మీదో చేసి చూపిస్తారు, ఆ తర్వాతే నోట్లో చేస్తారు. 1959లో ఆడెల్‌స్టన్ అనే అమెరికా దంత వైద్యుడు దీన్ని ఒక పద్ధతిగా రాసిపెట్టారు. ఇప్పటికీ పిల్లల పళ్ళ వైద్యం నేర్చుకునేవాళ్ళు మొదట నేర్చుకునేవాటిలో అదొకటి. నీళ్ళు చిమ్మే గొట్టం అరచేతిలో చిమ్మి చూపిస్తారు. గాలి గొట్టం బుగ్గ మీద ఊదుతారు. చప్పుడు చేసే పరికరం దూరంగా తిప్పి వినిపిస్తారు. చూసేవాళ్ళకు ఇదంతా కాలక్షేపంలా ఉంటుంది. "ఇంత దూరం వచ్చి గాలి ఊదించుకుని వెళ్ళడమేమిటి" అని మీ వారు అనొచ్చు. పాప తన ఇష్టంతో నోరు తెరిచిందంటే ఆ రోజు పని అయినట్టే అని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

మీ పాప నోట్లో పై రెండు పళ్ళు ఇక్కడ మనకు పనికొస్తాయి. అవి ఇంకా నొప్పి పెట్టడం లేదంటున్నారు. పుచ్చు లోతుగా పోలేదని డాక్టర్ నిర్ధారిస్తే, సూదీ డ్రిల్లూ లేకుండా వాటికి చేయగల వైద్యాలు రెండున్నాయి. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందును చిన్న బ్రష్‌తో పుచ్చు మీద రాస్తే పుచ్చు ముందుకు పోకుండా ఆగుతుంది. ఒకటి రెండు నిమిషాల పని. కాకపోతే పుచ్చిన భాగం నల్లగా గట్టిపడి అలాగే నల్లగా ఉండిపోతుంది, దవడ పళ్ళు కాబట్టి బయటికి పెద్దగా కనపడదు. మళ్ళీ కొన్ని నెలలకు రాయించాల్సి ఉంటుంది. రెండోది, స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంత వైద్యురాలు మొదలుపెట్టిన పద్ధతి. పుచ్చును గీకకుండానే పంటి మీద స్టీల్ క్యాప్‌ను సిమెంట్‌తో బిగించి నొక్కేస్తారు. లోపలి పుచ్చుకు ఆహారం అందక ఆగిపోతుంది. కొద్దిరోజులు పళ్ళు కలిసినప్పుడు ఎత్తుగా అనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. చీము పట్టిన కింది పన్నుకు మాత్రం ఈ రెండూ పనికిరావు, అది గుర్తుంచుకోండి.

ముందు ఈ పై పళ్ళతో మొదలుపెడితే పాప రెండుసార్లు కుర్చీ ఎక్కి, నొప్పి లేకుండా దిగుతుంది. నొప్పిలేని అనుభవాలు కొన్ని ముందు పోగైతే, తర్వాత కాస్త నొప్పి ఎదురైనా పిల్లలు తట్టుకుంటారు. మీ పాప విషయంలో ఆ వరస తిరగబడింది. అందుకే ఇప్పుడు దాన్ని సరిచేయాలి. మూడోసారో నాలుగోసారో కింది పన్ను పని. దానికి వేరు వైద్యమా, తీసేసి పక్క పళ్ళు వాలకుండా చిన్న తీగ పెట్టడమా అన్నది ఎక్స్‌రే చూసి డాక్టర్ తేల్చాలి. మత్తు ఇంజెక్షన్ మాత్రం తప్పదు. ముందు చిగురుకు జెల్ రాసి, అది పనిచేసేదాకా ఆగి, సూది నెమ్మదిగా ఇస్తే నొప్పి చాలావరకు తగ్గుతుంది.

లాఫింగ్ గ్యాస్ గురించి కూడా వినే ఉంటారు. పూర్తి మత్తుకూ మామూలు వైద్యానికీ మధ్యలో ఇది మంచి సాయం. ముక్కు మీద చిన్న మాస్క్ పెట్టి ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. పాప మెలకువగానే ఉంటుంది, మాట్లాడుతుంది, కంగారు మాత్రం తగ్గుతుంది. ఆపేసి ఆక్సిజన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో మామూలైపోతుంది. కానీ పాప ముక్కుతో గాలి పీల్చాలి. మాస్క్ చూసి అరిచే దశలో అది పెట్టనే పెట్టనివ్వదు. జలుబుతో ముక్కు దిబ్బడేసినా పనిచేయదు. గ్యాస్ ఇచ్చినా నొప్పికి సూది విడిగా ఇవ్వాల్సిందే. కాబట్టి పాప కాస్త మచ్చికయ్యాక, కింది పన్ను రోజున దీన్ని అడగండి.

ఇంట్లో మీరు చేయాల్సింది దీనికంటే ముందు మొదలవుతుంది. ఏదో ఒక సాయంత్రం, బ్రష్ గొడవ లేని వేళ, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ రోజు సంగతి మీరే ఎత్తండి. "ఆ రోజు నీకు చెప్పకుండా పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. గట్టిగా పట్టుకున్నాం. నీకు చాలా భయమేసింది కదా. ఇంకెప్పుడూ చెప్పకుండా తీసుకెళ్ళం." అంతే చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి. మీ వారు కూడా ఈ మాట చెబితే ఇంకా మంచిది, చేతులు పట్టుకున్నది ఆయనే కాబట్టి. పెద్దవాళ్ళు పిల్లలకు ఇలా చెప్పడం మన ఇళ్ళల్లో అలవాటు లేదు. చెప్పిన మర్నాటి నుంచే నొప్పి దాచుకోవడం తగ్గొచ్చు, గమనించండి.

ఆ తర్వాత ఆట. ముందు పాపే డాక్టర్. మీరు పడుకుని నోరు తెరవండి, స్టీల్ చెంచా, ఫోన్ టార్చ్ ఇచ్చి మీ పళ్ళు లెక్కపెట్టమనండి. మధ్యలో మీరు ఎడమ చెయ్యి ఎత్తి "ఆగు" అనండి, అది ఆపాలి. ఆగడం ఎలా ఉంటుందో ముందు దాని చేతిమీదుగా తెలియాలి. రెండు మూడు రోజులయ్యాక మీరు డాక్టర్. పాప చెయ్యెత్తిన క్షణం చెంచా తీసేయండి, "ఇంకొక్కటి, ఇంకొక్కటే" అనొద్దు. మొదట్లో ప్రతి పంటికీ చెయ్యెత్తుతుంది, నిజంగా ఆగుతారో లేదో పరీక్షిస్తుంది. ఆగుతారని నమ్మకం కుదిరాక ఎత్తడం తగ్గుతుంది. డాక్టర్ దగ్గర కూడా ఇదే సైగ పనిచేయాలి, అందుకే ఫోన్‌లో అడగమన్నాను.

వెళ్ళే విషయం వారం ముందే చెబితే వారమంతా అదే ఆలోచన. ముందురోజు సాయంత్రం చెప్పడం ఈ వయసుకు సరిపోతుంది. "రేపు మామయ్య, నేను, నువ్వు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. వేరే డాక్టర్. నీ పళ్ళు చూసి లెక్కపెడతారు." "ఇంజెక్షన్ ఉంటుందా?" అని తప్పకుండా అడుగుతుంది. "రేపు ఉండదు. ఎప్పుడైనా ఉంటే నీకు ముందే చెబుతాను" అనండి, డాక్టర్‌తో ముందే మాట్లాడి ఆ మాట నిలిచేలా చూసుకోండి. ఉన్న రోజున "పన్నును నిద్రపుచ్చే మందు వేస్తారు, కాసేపు చురుక్కుమంటుంది, నేను నీ చెయ్యి పట్టుకుంటాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. "అస్సలు నొప్పే ఉండదు" అనొద్దు, కాస్త చురుక్కుమన్నా మీరు అబద్ధం చెప్పినట్టే అవుతుంది. "ఏడవకు, ధైర్యంగా ఉండాలి, అందరూ నవ్వుతారు" లాంటివీ వద్దు. ఏడుస్తూ కూడా నోరు తెరిచి ఉంచితే చాలు. అయ్యాక "భలే దానివే" అని ఊరుకోకుండా, "చెయ్యెత్తి ఆపించుకున్నావు, మళ్ళీ నువ్వే నోరు తెరిచావు" అని చేసినదాన్ని చెప్పి మెచ్చుకోండి. పొద్దున నిద్ర తీరి, తేలిగ్గా ఏదైనా తిన్నాక తీసుకెళ్ళండి. బడి అయ్యాక, ఆకలితో ఉన్నప్పుడు వద్దు.

అత్తగారి బెదిరింపు మాట ఆపించడం కష్టమే, నాకు తెలుసు. గొడవగా కాకుండా, "డాక్టర్ గారు ఇంట్లో ఎవరూ తన పేరు చెప్పి భయపెట్టొద్దన్నారు అత్తయ్యా" అని డాక్టర్ మీదే పెట్టండి. దాంతోపాటు ఆవిడకో పని అప్పగించండి. పాప పడుకోబోయే ముందు ఏదైనా తిందా, రాత్రి మూలిగిందా అన్నది కనిపెట్టి చెప్పడం ఆవిడకంటే బాగా ఇంకెవరూ చేయలేరు.

మీ భయం గురించి. పిల్లలు కుర్చీ ఎక్కేముందు అమ్మ మొహం చూస్తారు. మీరు బిగుసుకుపోతే మాటలతో ఎంత ధైర్యం చెప్పినా పాప మీ మొహాన్నే నమ్ముతుంది. మొదటిసారి మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టి మీరు బయట ఉండడంలో తప్పేమీ లేదు, పాపకు ముందే చెప్పి, పిలిస్తే వస్తానని మాటిచ్చి ఉంటే చాలు. లేదంటే ముందు మీరు అదే డాక్టర్‌కు మీ పళ్ళు చూపించుకోండి, పాప చూస్తుండగా. మీకు చిన్నప్పుడు జరిగింది నిజంగా బాధాకరమైనదే. ఇన్నేళ్ళుగా మీరు చూపించుకోని పళ్ళల్లో ఏముందో కూడా తెలుస్తుంది. మీకు ఇది మరీ భారమనిపిస్తే ఇప్పుడే చేయాలని లేదు, పాప పని అయ్యాక చూసుకోవచ్చు.

రోజువారీ జాగ్రత్తలు మీకు తెలిసినవే. రాత్రి బ్రష్ చేశాక పాలు, బిస్కెట్ వద్దు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా బ్రష్ మీరే చేయించండి. పేస్ట్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉందో లేదో చూసుకుని, బఠాణీ గింజంత వేయండి. కుడివైపు బ్రష్ పెట్టనివ్వనంత కాలం గొడవపడకుండా వేలికి తడిగుడ్డ చుట్టి తుడవండి.

కింది పన్ను పని అయిన రోజు ఒక జాగ్రత్త. పెదవి, బుగ్గ రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటాయి. పిల్లలకు అది వింతగా ఉండి నమిలేస్తారు, సాయంత్రానికి పెదవి పుండై వాచిపోతుంది. దాన్ని చూసి పాప వైద్యం వల్లే ఇలా అయిందనుకుంటే మన కష్టమంతా వృథా. స్పర్శ వచ్చేదాకా నమిలేవి ఏవీ పెట్టకుండా మేనమామనో మీరో పక్కనే ఉండి కనిపెట్టుకోండి.

ఇంకా ఒకటి అడగాలి డాక్టర్‌ని. ఆరేళ్ళ ప్రాంతంలో దవడలో అన్నిటికంటే వెనక కొత్త పన్ను వస్తుంది. ముందు ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలా ఇళ్ళల్లో అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత పన్ను. మీ పాపకు త్వరలో మొదలవుతుంది. అది బయటికి వచ్చాక దాని పైనున్న గాడుల్లో సీలెంట్ అనే పూత వేసి మూసేస్తే పుచ్చు పట్టే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ పనికి సూది లేదు, డ్రిల్ లేదు. అప్పటికి పాప తనంతట తానే కుర్చీ ఎక్కే స్థితిలో ఉంటే, పక్కన మీ వారిని కూర్చోబెట్టండి.